ఎర్ర వైరు, నల్ల వైరు

దబీర్‌పురాలో ప్రహ్లాద్ సేఠ్ ఇంటి మేడ మీద హాలు. సేఠ్ ఇంకా దుకాణం నుంచి రాలేదు. బొంబాయి నుంచి దిగిన రెండు పెద్ద స్పీకర్ల ముందు ఆయన భార్య విమలాదేవి, వాటిని బిగించడానికి వచ్చిన షాపు మనిషి కొండల్ పొద్దున్నుంచీ వాదులాడుకుంటున్నారు.

“కిటికీ కాడ పెడితె సౌండ్ ఖరాబైతదమ్మా. సేఠ్ ఏమన్న అననీ, నేనైతె పెట్ట.”

“సడక్ మీద పోయేటోళ్లకు కనవడాలెనని ఆయన ఆశ, కొండల్.”

“కనవడేతందుకు గాజుల దుకాణమా ఇది? వినేతందుకమ్మా! సేఠ్ షాపుల గూడ గంతే జేసిండు. నాలుగు రకాలు చూపెట్టిన. చిన్నయి ఉన్నయి, మస్తు తియ్యగ పలుకుతయి. పాట పెడ్తనంటె పెట్టనియ్యలే. కుండను కొట్టి చూసినట్టు వేలితోని కొట్టిండు, రెండు చేతులతోని ఎత్తి చూసిండు. ‘ఏది బరువుంటె అది కట్టు’ అన్నడు.”

“పప్పు బస్తాలు ఎత్తిన చెయ్యి. బరువే చూస్తది.”

“నసీబు మంచిగుండి మంచియే వచ్చినయి లెండి.”

“సరే, ఎట్ల పెట్టాల్నో అట్లనే పెట్టు. ఆయనకు నేను చెప్పుకుంట.”

“గోడకెల్లి జర్ర ఇవతలికి గుంజాలె. రెంటి నడుమ ఎంత జాగ ఉంటదో, కుర్చీ గూడ గంతే దూరముండాలె. మూడు రాళ్ల పొయ్యి అనుకోండ్రి. గప్పుడు పాట డబ్బాలల్లకెల్లి రాదు. పాడేటామె నడుమల నిలబడి పాడినట్టుంటది. ఇగో, కుర్చీల కూసోండ్రి. కండ్లు మూసుకోండ్రి. పెడుతున్న.”

పల్లవి అయ్యేలోగా విమలాదేవి కొంగు కళ్లకు అద్దుకుంది.

“ఏందమ్మా? మంచిగ లేదా?”

“ఉంది.”

“కండ్లల్ల నీళ్లు?”

“సాంబ్రాణి పొగ. ఆపు ఇగ. ఆమె ఉన్నది కొండల్, నా ఎదురుంగనే నిలబడ్డది. పల్లవి ఎత్తుకునేటప్పుడు ఊపిరి తీసుకున్నది గూడ వినవడ్డది.”

“నేను చెప్పలేదా! సేఠ్ ఖుష్ అయితడు.”

“ఇగ చెప్పు. ఆమెను పోగొట్టాలంటె ఏం జెయ్యాలె?”

“ఎవలను?”

“పాడేటామెను. స్పీకర్లు మోగాలె, పాట రావాలె. ఆమె మాత్రం ఆడ ఉండొద్దు.”

“పరాచికాలా అమ్మా?”

“పరాచికమాడే మొఖమా నాది?”

“ఉపాయం ఉన్నదనుకోండ్రి… ఒక్క స్పీకరుకు వైర్లు ఉల్టా చేస్తె సరి. ఎర్రది నల్లదాని జాగల, నల్లది ఎర్రదాని జాగల. ఒకటి ముందుకు తోస్తుంటె ఇంకోటి ఎన్కకు గుంజుతది. నడుమల మనిషి మాయం. గొంతు హాలంత చెదిరిపోతది, మృదంగం డొల్ల పలుకుతది. కొత్తగ పనిల చేరినోళ్లు గిట్ల తప్పు చేస్తరు. గని ఎందుకు గిదంత—”

“చెయ్యి.”

“అమ్మా!”

“ఇయ్యాల ఎవరొస్తున్నరో ఎరికేనా?”

“సేఠ్ మేనమామ గదా. సంగీత సభ పెద్ద.”

“వెంకటనారాయణ మామ. ఆయన బాగుందని తల ఊపితె మా ఆయన సభకు అధ్యక్షుడైతడు. ఊపకుంటె కాడు. గంతే. గీ స్పీకర్లు గందుకే.”

“అయితె మంచిదే గదా. మీకు గూడ ఇజ్జతే—”

“నేను పాడుతుంటి కొండల్.”

“మీరా? పాటలా?”

“మా నాయిన పురానాపూల్ కాడ మా ఇంటికే పంతులును పిలిపిచ్చి నేర్పిచ్చిండు. పెండ్లయిన కొత్తల గీ హాలుల్నే, గీ మామ ముంగట నన్ను కూసోబెట్టిండ్రు. పల్లవి సుత పూర్తి గాలే, చెయ్యి అడ్డం పెట్టి ‘ఆపు’ అన్నడు. ‘ప్రహ్లాదూ, గీ పిల్ల గొంతుల శ్రుతి లేదు. నలుగుట్ల పాడనియ్యకు, ఇజ్జత్ పోతది’ అన్నడు.”

“మరి సేఠ్?”

“‘సరే మామా’ అన్నడు. తెల్లారంగనే నా హార్మోనియం పాత సామాన్లు కొనేటోనికి ఇచ్చి పంపిండు.”

“మీరేమనలేదా?”

“ఏమంట? నేను సుత నమ్మిన. సభ పెద్ద, ఆయనకు తెల్వదా అనుకున్న. పిల్లలకు జోల గూడ పాడలే కొండల్. వీపు నిమిరి పండవెట్టిన.”

“నమ్మినంక ఇంక పగ దేనికమ్మా?”

“నమ్మిన గని మర్వలే. నన్నెట్ల కూసోబెట్టిండ్రో గట్లనే ఇయ్యాల మా ఆయన కూసోవాలె. నలుగుట్ల మామ చెయ్యి అడ్డం పెట్టాలె. గా మొఖం నేను కండ్ల నిండ చూడాలె. గిన్నేండ్ల సంది కడుపుల మండుతున్నది, జర్ర చల్లారాలె.”

“షాపు పేరు పోతదమ్మా. మా మాలిక్ నన్ను కొలువుల ఉంచడు.”

“ఎల్క కొరికింది, నేనే తప్పు కలిపిన, ఏదో ఒకటి నేను చెప్పుకుంట. నీ మీదికి రానియ్య.”

“నాతోని గాదు.”

“నీతోని గాకుంటె జరుగు. ఎర్రది ఇదే గదా?”

“అమ్మా, కరెంటు బంద్ చెయ్యనీ—”

“ఎర్రది ఇదే గదా అంటున్న!”

“గదే. ముందుగాల మర లూజు చెయ్యుండ్రి.”

పొద్దు గుంకేసరికి సేఠ్ వచ్చాడు. వెంట వెంకటనారాయణ, సభ వాళ్లు నలుగురు. విమలాదేవి వంటింటి గుమ్మం వదల్లేదు. కొండల్ చల్లగా జారుకుందామని చూశాడు గానీ, రికార్డు పెట్టే పని సేఠ్ అతని నెత్తినే వేశాడు.

“గా నడిమి కుర్చీల కూసో మామా. అసలు జాగ గదే. ఇగ చూడు, నా స్పీకర్ల తమాషా! కొండల్, పెట్టు.”

“సేఠ్, ఒక్కపారి వైర్లు చూసుకుంట—”

“పెట్టు భాయ్! పెద్దమనుషులు కూసున్నరు.”

“ష్! మాట్లాడకుండ్రి ఎవరు. నన్ను విననియ్యుండ్రి.”

“అట్లనే మామా.”

పాట మొదలవగానే విమలాదేవి గుమ్మం నుంచి సైగ చేసింది.

“కొండల్, గిటు రా. మెల్లగ చెప్పు. పోయింది గదా ఆమె?”

“పూరాగ పోయిందమ్మా. మృదంగం చూడుండ్రి, ఒట్టి డబ్బా. నాకే సిగ్గైతున్నది.”

“మామ చెయ్యి లేపుతున్నడు.”

“అయ్యో!”

“లేపనీ. లేపనీ కొండల్.”

“ఆపు ప్రహ్లాదూ!”

“ఏమైంది మామా?”

“ఆపుమంటున్న గదా!”

“కొండల్, బంద్ చెయ్యి! ఏం జేసినవయ్యా? మామా, అసలు మాలు గిది, బొంబాయి నుంచి తెప్పిచ్చిన, ఏదన్న తప్పుంటె—”

“తప్పా? దిష్టి తగులుతదిరా! గందుకే ఆపమన్న. ఏం గాత్రం! నా ఎదురుంగ నిలబడి పాడినట్టే ఉన్నది. గా మృదంగం ఎంత నిండుగ ఉన్నది! శ్రుతి అంటె గిదీ. అయ్యా, ఇగ అధ్యక్షుడెవరని అడిగేదేంది? కొట్టుండ్రి చప్పట్లు!”

“అంత నీ దయ మామా.”

“దయ గాదురా, నా చెవులు చెప్తున్నయి.”

చప్పట్ల నడుమ కొండల్ మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, గా పెద్దాయనకు ఏం తెల్వలే. మీ పంతం నెగ్గలే. పోనియ్యుండ్రి, వీళ్లు దిగిపోంగనే వైర్లు సక్కగ చేసిపోత.”

“వద్దు. గట్లనే ఉండనీ.”

“నవ్వుతున్నరేందమ్మా?”

“విమలా! యాడున్నవ్? మామకు మిఠాయి పట్కరా!”

“వస్తున్న! గీ చెవులను నమ్మేనా కొండల్, గిన్నేండ్లు నేను నోరు మూసుకున్నది?”