బాబాయి జలగలు

ఏంటీ, జలగలు పెడితే పుండు మానుతుందా అంటావా? ఏమో నాయనా, నాకైతే ఇప్పటికీ అయోమయమే. మా పిన్నిని అడగాల్సిన మాట అది. ఆవిడ పోయి ఎంత కాలమైందో. మా బాబాయి ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు, పొద్దస్తమానం నిలబడే పని, పైగా ఒంట్లో షుగరు. కాలి వేలు కుళ్లితే ఆసుపత్రిలో కోసి తీసేశారు. ఆపరేషన్ బాగానే అయిందన్నారు గానీ పుండు మానదే. పాదం వాచి నల్లబడింది. ఇంకాస్త పైకి పాకితే మోకాలిదాకా తీసేయాలన్నారట. పిన్నికి అన్నం సయించలేదు. అప్పుడు ఆ వేలు కోసిన డాక్టరే, నిజం, ఆయనే ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి పంపాడు. వాళ్లిద్దరూ స్నేహితులట, కూర్చుంటే చదరంగం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదట. సరే, ఆ గొడవ మనకెందుకులే.

ఏం చెప్తున్నా? ఆఁ, జలగలు. వైద్యుడు ఇంటికొచ్చి పుండు చుట్టూ పట్టించేవాడు. తాగి తాగి లావెక్కి వాటంతట అవే రాలిపోయేవి. వాటి నోటికి పసుపు రాస్తే తాగింది కక్కేసేవి. మళ్లీ నీళ్ల సీసాలో వేసి, పైన గుడ్డ కట్టి, "ఇవి మీ ఆయనవేనమ్మా, ఇంకొకరికి పెట్టకూడదు, జాగ్రత్త" అని మాట సాగదీసి చెప్పేవాడు. ఒకరి రోగం ఇంకొకరికి అంటుకుంటుందని ఆయన ఉద్దేశం. పిన్ని ఏమనుకుందో మరి. మొదట్లో వాటిని చూస్తేనే వాంతి చేసుకున్న మనిషి, రోజూ నీళ్లు మార్చేది, ఎండ తగలకుండా జరిపేది.

పుండు మానింది. బాబాయి చెప్పులేసుకుని ప్రెస్సుకి వెళ్లొచ్చాడు కూడా. ఆ తర్వాత కొన్నాళ్లకే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, గుండె ఆగి. కాలు బాగుపడ్డాక మనిషి పోవడమేంటో నువ్వే చెప్పు.

సీసా పట్టుకురా, ఎక్కడైనా నీళ్లలో వదిలేద్దాం అని వైద్యుడు నాకు కబురు పెట్టాడు. వెళ్తే పిన్ని ఇవ్వనంది. ఆయన రక్తం ఉందట అందులో. అంతా కక్కేశాయి కదా పిన్నీ అన్నా. "మొత్తం కక్కాయని నువ్వు చూశావా?" అంది. చూడలేదుగా నేను. వైద్యుణ్ణి అడిగితే ఆయనా తల గోక్కుని, కాస్తో కూస్తో ఉంటుందేమోలే అన్నాడు. ఇంట్లోవాళ్లు ఆవిడకి మతి చలించిందన్నారు. నాకలా అనిపించలేదు. వంట చేసేది, పలకరిస్తే నవ్వుతూ పలికేది, సీసా మాత్రం పక్కనే ఉండాలి. కొన్ని నెలలాగి మళ్లీ వెళ్లా, ఈసారి ఎలాగైనా తెచ్చెయ్యాలని. ఆకలికి ఎండి దారాల్లా అయిపోయుంటాయి, చూస్తే తనే ఇచ్చేస్తుందిలే అనుకున్నా. తీరా చూస్తే నున్నగా నిగనిగలాడుతున్నాయి. పిన్ని ముంజేతికి గుడ్డ కట్టి ఉంది. భయమేసింది నాకు, జాలేసింది, కోపమూ వచ్చింది, ఏది ముందో తెలీదు. సీసా మీద చెయ్యి వేశాను. ఆవిడ కేకలెయ్యలేదు, ఏడవలేదు. నా చేతి మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడిందులో ఇద్దరం ఉన్నాంరా. ఎవర్ని వదిలేస్తావు?" అంది.

చెయ్యి తీసేశా. ఆ రేడియో పెట్టు కాస్త, వార్తల వేళయింది.