చెవి వెనక పుట్టుమచ్చ

హలో… ఆ, నేనే. హార్లన్‌నే. ఒక్క క్షణం ఉండండి, చేతిలో తలకాయ ఉంది… బొమ్మ తలకాయండీ. రంగు ఇంకా ఆరలేదు, ఎలా పడితే అలా పట్టుకుంటే బుగ్గ మీద వేలిముద్ర పడుతుంది… ఆ, పెట్టాను. ఇప్పుడు చెప్పండి, ఎవరు?

ఓహో. గ్వెన్ గారా. బొమ్మల సంఘం ప్రెసిడెంట్ గారే స్వయంగా ఫోన్ చేశారంటే, ఒహాయోలో ఇవాళ మంచు కురుస్తుంది… అవును, మే నెలే. అందుకే అంటున్నా.

మీ అమ్మగారు ఎలా ఉన్నారు?… బాగానే ఉన్నారా. రాత్రిళ్ళు నిద్రపోతున్నారా?… ఏం లేదు, ఊరికే అడిగా. పెద్దావిడ కదా… సరే, పని చెప్పండి.

ఆ… వచ్చే నెల ప్రదర్శన… నా టేబుల్ గురించా. ఫిర్యాదులొచ్చాయా. ఎవరెవరు?… మీరు కాకుండా?… ఊఁ. పేర్లు చెప్పకూడదు. పోనీలెండి, రహస్యం రహస్యమే.

నేను ధరలు పాడుచేస్తున్నానా… అంటే, అచ్చం పసిబిడ్డలా ఉండే రీబార్న్ బొమ్మ నేను ఎనభై డాలర్లకి అమ్ముతుంటే, మీ దగ్గర పదకొండు వందలు పెట్టి కొన్నవాళ్ళకి అనుమానం వస్తోంది… ఏమని?… ఆహా. మిగతా వెయ్యీ ఎటు పోయాయని. నిజమే, మనిషికి రాకూడని అనుమానమే.

— పొరపాటైంది. ధర అనకూడదు. దత్తత రుసుం. మీరు బొమ్మలు అమ్మరు కదా, బిడ్డల్ని దత్తత ఇస్తారు. జనన పత్రం మీద సంతకం పెట్టి, దుప్పటి చుట్టి, పాలసీసా పక్కన పెట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టి పోస్టులో పంపిస్తారు. సొంత బిడ్డకి స్టాంపులు అంటించడం మన సంఘానికే చెల్లింది… నవ్వడం లేదండీ. దగ్గు.

నావి ఎందుకంత చవకో వాళ్ళకి చెప్పాలా?… చెప్పండి, నాకేం దాపరికం. మీరు ఒక్కో మేకవెంట్రుకా సూదితో గుచ్చి తలకి జుట్టు నాటుతారు. నేను కుంచెతో గీసి ఊరుకుంటాను. మీరు రంగు మీద రంగు వేసి, వేసినప్పుడల్లా ఓవెన్‌లో కాలుస్తారు. నా ఓవెన్ మూడో పూతకే చేతులెత్తేస్తుంది. మీవాటికి గాజు కళ్ళు. నావాటికి అసలు కళ్ళే లేవు… అన్నీ నిద్రపోతుంటాయి కదా. మూసిన రెప్పకి ఖర్చేముంది, ఒక గీత.

అవును, మా ఆవిడ ఎర్లీన్ పద్ధతే అది. పోతలో తేడా వచ్చిన తలలు అగ్గువకి తెప్పించేది. ఎక్కువ వాటికి ఎడమ చెవి వెనక సూదిమొనంత బొక్క ఉండేది. దాని మీద గోధుమరంగు చుక్క పెట్టి, పుట్టుమచ్చ అనేది… లోపం దాచడమా? నిజమే. మీరు చేస్తే కళ, ఆవిడ చేస్తే దాచడం.

ఆవిడ పోయాక నేనెందుకు పట్టుకున్నానంటే… గరాజ్ నిండా తలలూ, చేతులూ, కాళ్ళూ మిగిలిపోయాయి. ఎవరైనా తొంగి చూస్తే పోలీసుల్ని పిలిచేలా ఉండేది. ఒక్కోటీ రంగేసుకుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. అంతకంటే గొప్ప కారణం లేదు.

ఇంతకీ నా టేబుల్ ఎక్కడికి మార్చారు?… బాత్‌రూమ్‌ల పక్కకా… అబ్బే, బాధెందుకు. మీ టేబుల్ దగ్గరికి ఇష్టమున్నవాళ్ళే వస్తారు. నా దగ్గరికి అందరూ రావాల్సిందే. పైగా కాఫీ ఉచితం అని వేశారుగా, ఇంకా తొందరగా వస్తారు.

…

గ్వెన్ గారూ. టేబుల్ సంగతి ఈమెయిల్‌లో రాసి పడేస్తే సరిపోయేది. ఫోన్ ఎందుకు చేశారు?

…

ఇమెల్డా చెయ్యమందా. ఆ నర్సమ్మ నాకూ చెప్పిందిలెండి, కొంచెం. మీ అమ్మ అడిలైడ్ గారు పక్క మీద నడుం వాల్చడం లేదు, రాత్రంతా వృద్ధుల హోమ్ నడవాలో తిరుగుతున్నారు అంది. కూతురితో మాట్లాడమన్నా… అవును, అందుకే ఇందాక అడిగా, నిద్రపోతున్నారా అని. బాగానే ఉన్నారన్నారు మీరు.

సరే, మొదట్నించీ చెప్పండి. వింటాను… ఊఁ… ఊఁ.

అంటే, ముసలివాళ్ళ మనసు కుదుటపడుతుందని హోమ్ వాళ్ళు నా దగ్గర కొన్న బొమ్మల్లో ఒకటి మీ అమ్మగారి ఒళ్ళో చూశారు. ఎనభై డాలర్లది. సంఘం ప్రెసిడెంట్ గారి తల్లి ఒళ్ళో… పైగా చర్చి వాళ్ళు కూడా చూశారా. అయ్యో. మతిమరుపు వచ్చి కన్నకూతురి పేరు మర్చిపోతే, పాపం అంటారు. ఒళ్ళో చవక బొమ్మ ఉంటే ఇంక తలెత్తుకోగలమా.

అందుకని దాన్ని తీసేసి, మీది ఇచ్చారు. ఏది?… రోజ్‌మేరీనా? బహుమతి వచ్చినదాన్నే?… దానికోసం ఎంతమంది అడిగారో నాకు తెలుసు. అమ్మకిచ్చారు. మంచి పని… లేదు, వెటకారం కాదు. కొంచెం ఉంది, మొత్తం కాదు.

ఆ పిల్ల కళ్ళు తెరిచి ఉంటుంది కదూ?… నీలం కళ్ళు. పక్క నించి చూస్తే తడిగా మెరుస్తాయి. చూశాను. నాకే గుండె ఆగినంత పనైంది.

ఇప్పుడు మీరే ఆలోచించండి. నలుగుర్ని పెంచిన మనిషి. ఒళ్ళో పిల్ల ఉంది. నర్సమ్మ వచ్చి దీపం ఆర్పింది. పిల్ల కళ్ళు మూయదు. జో కొడతారు, మూయదు. పాట పాడతారు, మూయదు. భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తారు… మూయదు. పిల్ల గుడ్లప్పగించి చూస్తుంటే ఏ తల్లి పడుకుంటుందండీ? పదకొండు వందల డాలర్ల జాగారం చేయించారు మీ అమ్మ చేత.

… ఏమంటున్నారట ఆవిడ?… మళ్ళీ చెప్పండి, సరిగ్గా వినపడలేదు.

…

ఇది నా పిల్ల కాదు అంటున్నారు. దీని తల్లి ఎక్కడో వెతుక్కుంటూ ఉంటుంది అని… అందరి గదుల తలుపులూ తడుతున్నారా. మీ పాపేనా, మీ పాపేనా అని.

చెవి మడిచి చూస్తున్నారా… ఎడమ చెవి. మడిచి చూసి, లేదు అంటున్నారు.

ఊఁ.

ఏం లేదని అని అడుగుతారేమిటండీ. మచ్చ లేదని. ఆవిడ పిల్లకి మచ్చ ఉంది కదా.

… ఎవరు, డాక్టరా? ఇలాగే తిరిగితే ఎక్కడో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు, మత్తుమందు మొదలుపెట్టాలి అన్నారా. పగలు కూడా మగతగా పడి ఉంటారు, అంతేగా… సంతకం మిమ్మల్నే పెట్టమన్నారు. రేపు… ఏడవకండి. ఇదుగో, వెటకారం ఆపేశాను, చూడండి.

అయినా ఇదేమంత కష్టం. పాతది తిరిగి ఇచ్చెయ్యండి… మీ దగ్గరే ఉందిగా?… ఉంది. మరింకేం — ఏం చేశారు?

బాగుచేద్దామని. ఆ.

ఎసిటోన్ పెట్టి… రంగంతా తుడిచేశారా?… మీ పూతలు వేసి, జుట్టు నాటి, కాస్త మర్యాదగా తయారుచేసి ఇద్దామనుకున్నారు. ఆ మచ్చ కూడా… రంగు చిందిందనుకున్నారు. కింద బొక్క కనపడితే అదీ పూడ్చారా. శుభ్రంగా.

…

లేదు, ఉన్నాను. లైన్లోనే ఉన్నా.

ఏం లేదండీ. అది నేను వేసింది కాదు. ఎర్లీన్ వేసింది. చివర చివర చేసినవాటిల్లోది. అప్పటికే చెయ్యి వణికేది. అందుకే మచ్చ గుండ్రంగా రాలేదు, చిక్కుడు గింజలా సాగింది. నేను తుడిచి మళ్ళీ పెట్టమంటే, పుట్టుమచ్చని ఎవరైనా తుడుస్తారా అంది… మీకెలా తెలుస్తుంది. దాని మీద పేరు రాసి లేదుగా. హోమ్ వాళ్ళు కొన్నవాటిల్లో మచ్చ ఉన్నది అదొక్కటే, నేనే కలిపి ఇచ్చాను, అరలో పెట్టుకుని చూస్తూ కూర్చోవడం ఎందుకని.

… వద్దు, అన్నిసార్లు చెప్పకండి. తిట్టాలనే ఉంది. ఇవాళ తీరిక లేదు, ఓవెన్ వేడిగా ఉంది.

వినండి. ఆ తల ఒక్కటే ఊడదీసి పట్టుకురండి. పట్టు గుడ్డలూ పెట్టెలూ ఏమీ వద్దు, కూరగాయల సంచిలో వేసుకొచ్చేయండి. నేను రంగేస్తాను. బుగ్గలు, పెదవి, రెప్ప మీద గీత… మచ్చ కూడా. చిక్కుడు గింజలాగే… వస్తుందిలెండి. మీ పుణ్యమా అని నా చెయ్యి కూడా ఇప్పుడు బాగానే వణుకుతోంది.

రేపు మధ్యాహ్నానికి ఇస్తాను… ఈ రాత్రికి కుదరదు. పూత పూతకీ చల్లారాలి. తొందరపెడితే ముక్కు జారి గడ్డం మీదికొస్తుంది. అప్పుడు మీ అమ్మగారు తలుపులు తట్టడం కాదు, కిటికీలోంచి దూకుతారు.

మరి ఈ రాత్రికంటే… ఈ రాత్రికి… ఆగండి, ఆలోచించనివ్వండి.

గ్వెన్ గారూ, మన సంఘంలో బొమ్మ చేసినవాళ్ళని ఏమనాలి?… ఉహుఁ, తయారీదారు కాదు. ఆ మాట వాడానని పోయినేడు నాకే నోటీసు పంపారు మీరు… ఆ. తల్లి అనాలి. రోజ్‌మేరీ జనన పత్రంలో తల్లి పేరు ఎవరిది?… మీదే కదా.

మరి మీ అమ్మ ఎవర్ని వెతుకుతున్నట్టు?

…

అవునమ్మా. నిన్నే.

వెళ్ళు. రాత్రి భోజనాలు అవగానే వెళ్ళు. తలుపు తట్టి, మా పాప మీ దగ్గర ఉందటండీ అను… గుర్తుపట్టకపోతే పట్టకపోనీ. కూతురివని ఎలాగూ గుర్తుపట్టడం లేదుగా. పాప తల్లివని గుర్తుపడుతుంది. ఈ రాత్రికి అది చాలు. పిల్లని అందుకుని, ఇన్నాళ్ళూ చూసుకున్నందుకు థాంక్స్ చెప్పు… అంతే. కూర్చోమంటే కూర్చో. పిల్లని సరిగ్గా ఎత్తుకోవడం రాదని తిడుతుంది, మెడ కింద చెయ్యి పెట్టమంటుంది. తిట్టించుకో. నేర్పిస్తే నేర్చుకో.

… ఆ, పడుకుంటుంది. ఎవరి బిడ్డ వాళ్ళకి చేరిందంటే పడుకోదూ?… ఏమో, హామీ ఎక్కడివ్వను, నా బొమ్మలకే హామీ ఇవ్వను. ఆ కాగితం మీద మాత్రం రేపు సాయంత్రం దాకా సంతకం పెట్టకు. తన పిల్ల వచ్చాక చూద్దాం.

ఎంతివ్వాలా?… దత్తత రుసుం అను, మర్యాదగా… ఏమీ వద్దు. టేబులా? మార్చక్కర్లేదు, బాత్‌రూమ్‌ల పక్కనే ఉండనీ. ఒక కుర్చీ మాత్రం వేయించు, నాకు కాదు. అటు వచ్చే ముసలమ్మలు నిలబడి ఉండలేక, పిల్లని పూర్తిగా చూడకుండానే వెళ్ళిపోతుంటారు.

ఆ మోత ఓవెన్‌దే, తలలు దించాలి… సరే, ముందు ఇటు వచ్చి ఆ సంచి ఇచ్చి వెళ్ళు. ఇంకొక్క మాట… రోజ్‌మేరీని తెచ్చుకునేటప్పుడు దారిలో కారులో ఒక్కదాన్నే వదిలి దుకాణానికీ దానికీ దిగకు. కళ్ళు తెరిచి ఉన్న పిల్ల, ఎవరో ఒకరు నిజం పిల్లనుకుని జాలిపడి అద్దం పగలగొడతారు.

… ఆ. నవ్వావు. ఇంక పెట్టేస్తున్నా.