కురిసే ఇంటి సాక్ష్యం

(జడ్చర్ల పక్కన ఒక పల్లె, 1958. వాన పడుతున్న మధ్యాహ్నం. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న నేతగాడు గండయ్య, అతని భార్య సుభద్రమ్మ. ఇంటి నడుమ మగ్గం.)

"సైదులును ఎందుకు వాపసు తోలినవ్?"

"తోలలే. పోయి రమ్మన్న."

"గూనపెంకలు సదురుతనని నిచ్చెన భుజాన ఏస్కొని వచ్చినోణ్ణి పోయి రమ్మన్నవా? ఎప్పుడు రమ్మన్నవ్?"

"జడ్చర్ల సభలు అయినంక."

"సభలకూ మన కప్పుకూ ఏం సంబంధం?"

"నీకు తెల్వదు గాని సుభద్రా... గా గిన్నె జర ఇటు జరుపు, నెత్తి మీద పడుతాంది."

"ముందు చెప్పు."

"ఐతారం ఐతారం చర్చిల లేచి ఏమని సాక్ష్యం చెప్తున్న? 'ఇల్లు కురుస్తాంది, అయినా దేవునికి స్తోత్రం' అని. చెప్తున్ననా లేదా?"

"చెప్తున్నవ్. పోయిన వానకాలం సంది గదే చెప్తున్నవ్."

"నేను లేస్తే చాలు, అందరు హల్లెలూయ అంటరు. కొత్తకోట పాస్టరయ్య గూడ కండ్లు తుడుసుకున్నడు. గిప్పుడు సభల మైకుల చెప్పమని పిలిచిండ్రు. మైకుల, సుభద్రా!"

"అయితే?"

"అయితే ఏంది? కప్పు బాగుజేసుకొని పోయి 'ఇల్లు కురుస్తాంది' అంటే అబద్ధం గాదా? దేవుని ముంగట అబద్ధమాడుమంటవా?"

"అగో! వేరే సాక్ష్యం చెప్పరాదు?"

"వేరేది ఏడున్నది? వెంకటనర్సుకు కాలిరిగింది. లీలమ్మ బర్రె సచ్చింది. వాండ్లకేం ఫికర్? నాకు గీ కప్పొక్కటే దిక్కు."

"నీ తెలివికి మన్నువడ! మగ్గం గుంతల నీళ్లు చూసినవా? పాదాలు మునుగుతున్నయి. సావుకారికి ఇయ్యాల్సిన చీర సగంల ఉన్నది..."

"స్తోత్రం."

"నూలు నానుతాంది. గది ఖరాబైతే రేపు తినేది ఏంది?"

"స్తోత్రం అను."

"అనను."

"సణుగుతున్నవ్. అడవిల ఇశ్రాయేలోళ్లు గిట్లనే సణిగిండ్రు. ఏమైంది? నలభై ఏండ్లు తిరిగిండ్రు."

"తిరిగితే తిరిగిండ్రు, వాండ్ల గుడారం కురవలే గద! మొన్న పోగులు తడిసి తెగినయి. మూలకు కూసోని ఏడుస్తుంటే ఏమన్నవ్? 'పక్కింటోళ్లు వింటరు, నా సాక్ష్యం పాడైతది' అన్నవ్. కడుపు మండుతాంది నాకు. ఇల్లు కురుస్తున్నందుకు గాదు, ఏడ్వనియ్యనందుకు."

"గిన్నె నిండింది."

"నిండనీ. నిన్న ఆడోళ్ల కూటంల నేను గూడ లేచి నిలవడ్డ."

"నువ్వా? ఎన్నడన్న నోరు తెరిచినవా?"

"'కష్టంల గూడ కృతజ్ఞత చెప్పాలె, ఎవరన్న లేవుండ్రి' అన్నది పాస్టరమ్మ. లేచిన."

"ఇంటి ముచ్చట చెప్పలేదు గద? అది నాది, సుభద్రా."

"నీది నేను ముట్టలే. 'నెత్తి మీద వాన పడుతున్నా నిచ్చెన ఎక్కని మొగణ్ణి ఇచ్చిండు, దేవునికి స్తోత్రం' అన్న."

"అయ్యయ్యో! అందరు ఏమన్నరు?"

"లీలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. మిగిలినోళ్లు 'మాకు గూడ ఇచ్చిండు, మాకు గూడ ఇచ్చిండు' అని ఒక్కొక్కలు లేవవట్టిరి. పొద్దుగూకినా కూటం అయిపోలే."

"ఇజ్జత్ తీస్తివి గదనే! ఇగ నేను బజార్ల ఎట్ల నడవాలె? సైదులూ! ఓ సైదులూ! నిచ్చెన తేరా! గీ వాన్లనే ఎక్కుత!"

"ఆగాగు. ఏడికి?"

"ఏడికేంది? కప్పు మీదికి!"

"కూసో. జడ్చర్ల సభల మైకుల నన్ను గూడ చెప్పమన్నది పాస్టరమ్మ. నువ్వు గిప్పుడే బాగుపడితే దేవుని ముంగట నేను అబద్ధమాడాల్నా?"