మూలలు కోసిన పలక

మోంటానాలో వేట కాలం మొదలవడానికి ఇంకో వారం ఉంది. ఆర్లో స్వెన్‌రుడ్ పాత ఇనుము యార్డులో, తూకం బల్ల దగ్గర, పికప్పు బండి ఇంజను కూడా ఆపకుండా దిగింది నోరీన్. ఆర్లో కాఫీ పొయ్యబోయాడు.

“కాఫీ వద్దు. ఏ ఉక్కు కావాలో చెప్పండి చాలు, స్వెన్‌రుడ్ గారూ.”

“ముప్పై ఏళ్ళుగా ఆర్లో అనే పిలిచావు, నోరీన్.”

“అప్పుడు నాకు కొడుకుండేవాడు. ఏ ఉక్కో చెప్పండి.”

“దేనికి?”

“గురి పలకకి. శనివారం కోల్టర్ పుట్టినరోజు. ఇరవై ఆరు నిండేవి. వాడి స్నేహితులంతా మా వెనక పొలంలో పలక వేలాడదీసి, వాడి పేరు చెప్పుకుని తలా ఒక తూటా పేలుస్తారట. వద్దంటే వినేలా లేరు. ఏడవడం చేతకాక కాలుస్తామంటున్నారు, పాపం. సరే, పలక మాత్రం నేనే తెస్తానన్నాను.”

“వెండెల్‌ని పంపాల్సింది.”

“మా ఆయన మే నెల నుంచి ఇనుము ముట్టుకోలేదు. షెడ్డుకి తాళం వేసేశాడు. అయినా మళ్ళీ మీ దగ్గరికి పంపుతానా? పోయినసారి పంపితే ఏమిచ్చారో మరిచిపోయారా?”

“మరవలేదు.”

“గట్టి ఉక్కు అడిగితే మెత్తటి ఉక్కిచ్చారు.”

“అవును. పొరపాటైంది.”

“ఎంత తేలిగ్గా అనేశారు.”

“ఎలా అనమంటావు? మే నెలలోనే మీ గుమ్మం ముందుకొచ్చి అన్నాను. నువ్వు తలుపు తియ్యలేదు. మా ఆవిడ మార్వా వండి పంపిన గిన్నె మూతైనా తియ్యకుండా మా మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయావు.”

“అందులో ఏముందో కూడా నాకు తెలీదు.”

“బంగాళాదుంపలూ చీజూ. కోల్టర్‌కి ఇష్టమని.”

“ఉక్కు సంగతి చెప్పండి.”

“తుపాకులేవి?”

“అందరివీ జింకల వేట తుపాకులే. ఎంత దూరంలో పెట్టాలి?”

“రెండు వందల గజాలు. అంతకన్నా దగ్గర వద్దు.”

“మూడు వందలు పెట్టిస్తాను.”

“పెట్టించు. ఆ పిల్లల తూటా ఒక్కటీ పలకకి తగలదు.”

“తగలకపోతే మరీ మంచిది.”

“ఇదిగో, ఇది తీసుకెళ్ళు. అయిదు వందల రకం గట్టి ఉక్కు అంటారు. అర అంగుళం మందం. తూటా దీన్ని కొట్టిందంటే పొడైపోయి పక్కలకి పోతుంది, పలక మీద బూడిద మచ్చ తప్ప ఏమీ మిగలదు. మామూలు ఉక్కుకైతే గుంట పడుతుంది. గుంటలో పడ్డ తూటా తునకలై వచ్చిన దారినే వెనక్కొస్తుంది.”

“ఎంత దూరం వెనక్కి?”

“నోరీన్.”

“అడిగానుగా.”

“చాలా దూరం వస్తుంది.”

“ఆ రోజు వాడు వంద గజాల్లో నిలబడి కాల్చాడు. కళ్ళద్దాలు పెట్టించాను. చెవులకి మూతలు పెట్టించాను. తునక వచ్చి దిగిన ఆ మెడకి ఏం పెట్టాలో నాకు తోచలేదు. లేనిపోనివన్నీ తోస్తాయి నాకు. మబ్బు పడితే పిడుగొస్తుందని కుళాయి కట్టేస్తాను, మా ఆయన నవ్వుతాడు. మెడ సంగతి మాత్రం తోచలేదు.”

“ఎవరికీ తోచదు.”

“నాకు తోచాలి. వాణ్ణి కన్నది నేను. ఎలా వేలాడదియ్యాలో చెప్పండి.”

“రెండు గొలుసులు. పై అంచు ముందుకి వాలాలి, అప్పుడు తునకలు నేలకి కొట్టుకుంటాయి. గొలుసులకి కన్నాలు మిషను మీద వేయించే ఉంచాను. ఇంటి దగ్గర దాన్ని ఏమీ చెయ్యొద్దు. గ్యాసు మంట అసలు దగ్గరికి రానివ్వొద్దు.”

“ఎందుకు?”

“ఊరికే.”

“ఊరికే ఏమిటి?”

“వేడి తగిలితే గట్టిదనం పోతుంది. మంట పాకినంత మేరా మామూలు ఇనుమైపోతుంది. అందుకని... అది సరే, బండి వెనక్కి తిప్పు, ఎక్కిస్తాను.”

“పోయినసారి పలక మూలలు మా ఆయన మంటతోనే కోశాడు.”

“ఏదో, కాస్త.”

“మీరిచ్చింది మామూలు ఉక్కేగా. మామూలు ఉక్కుని మంటతో కోస్తే కొత్తగా పోయేదేముంది?”

“ఏమీ లేదు.”

“మరి మాట మింగుతున్నారెందుకు?”

“బండి తిప్పు, నోరీన్.”

“పాత పలక అందులోనే ఉంది. షెరీఫు తిరిగిచ్చాక షెడ్డు వెనక గడ్డిలో పడేశాడు మా ఆయన. మీ కాళ్ళ ముందు పడేసి పోదామని తెచ్చాను. బల్ల మీది ఆ ఇనుము రాసే ఆకురాయి ఇలా ఇవ్వండి.”

“నీకెందుకది?”

“మా నాన్న నాగళ్ళు సానబట్టేవాడు. మెత్తటి ఇనుమైతే ఆకురాయి కొరుకుతుంది, గట్టిదైతే జారిపోతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు.”

ఆకురాయి అరిగిపోయిందన్నాడు ఆర్లో. చెయ్యి కోసుకుంటావన్నాడు. మార్వా లోపలే ఉంది, ముందు ఆమెని పలకరించమన్నాడు. నోరీన్ బల్ల మీది నుంచి తనే అందుకుని బండి వెనక్కెక్కింది.

“నడిమధ్యన జారుతోంది.”

“ఊఁ.”

“ఇటు పక్కా జారుతోంది. ఇది గట్టి ఉక్కే. మీరు సరైనదే ఇచ్చారు.”

“వానకి తడిసి, ఎండకి ఎండి, ఒక్కోసారి అలా...”

“చర్చిలో ముందు వరసలో కూచునే మనిషి మీరు, అబద్ధమైనా కాస్త నేర్చుకుని ఆడండి. ఈ గుంట ఎక్కడుందో చూడండి. మూల దగ్గర. మూల కోసేసిన అంచు మీద. ఇక్కడ... ఇక్కడ కొరుకుతోంది.”

“చాలు. దిగు.”

“వెన్నని కొరికినట్టు కొరుకుతోంది.”

“దిగమంటున్నానా.”

“మూలలు ఎందుకు కోశాడో తెలుసా మీకు?”

“నాకేం తెలుసు?”

“నాకు తెలుసు. నేనే కొయ్యమన్నాను. నలుచదరం పలక, గాలికి ఊగుతుంటే ఆ మూల ఎవరి తలకో తగులుతుందని. మూడు వారాలు ఆయన ప్రాణం తోడేశాను. భోజనం బల్ల దగ్గర అదే, దీపం ఆర్పాక అదే. ‘కోల్టర్ వంగి లేచేటప్పుడు కణతకి కొట్టుకుంటే?’ అని. ‘వెండెల్, నీకు పిల్లాడి మీద బెంగ లేదా?’ అని కూడా అన్నాను.”

“నువ్వు తల్లివి. అంటావు.”

“మంటతో కొయ్యకూడదని ఆయనకి తెలుసా?”

“ఇప్పుడవన్నీ దేనికి?”

“ఆర్లో. తెలుసా?”

“కోసే ముందు నాకు ఫోన్ చేశాడు. వద్దన్నాను. బిల్లింగ్స్ పట్నం పంపి నీళ్ళ ధార మిషను మీద కోయిద్దాం, రెండు వారాలు పడుతుందన్నాను. ‘అంతవరకూ ఆగడం కుదరదు ఆర్లో, నోరీన్‌కి నిద్ర పట్టడం లేదు. కొసలు మాత్రం తీసేస్తాను, మూలలకి ఎవడు గురిపెడతాడు?’ అన్నాడు.”

“తర్వాత?”

“తర్వాతేముంది.”

“తర్వాత?”

“అంత్యక్రియల రోజు పొద్దున్నే కోటు వేసుకుని వచ్చాడు. నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. తప్పు ఉక్కిచ్చానని ఒప్పుకోమన్నాడు. ‘నా చేతులతో చెడగొట్టానంటే, ఎందుకు కోశానా అని నోరీన్ తనని తనే అడుగుతుంది. జవాబు తనకే తెలుసు. అది తెలిశాక ఇక తను నాకు మిగలదు’ అన్నాడు. నేనేమనగలను, నోరీన్? సరేనన్నాను.”

“అయిదు నెలలు నా తిట్లు తిన్నావు.”

“పెద్ద తిట్లేం కావులే. స్వెన్‌రుడ్ గారూ అన్నదే కాస్త నొప్పెట్టింది.”

“ఆయన అయిదు నెలలుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. నా మొహం చూడలేక అనుకున్నాను. పిల్లాణ్ణి పోగొట్టుకున్నాక నా మీద ఇష్టం చచ్చిపోయిందనుకున్నాను.”

“ఇలా కూచో. మార్వాని పిలుస్తాను.”

“వద్దు. కొత్తది ఎక్కించు.”

“మిషను మీద గుండ్రంగా కోయించింది కూడా ఒకటుంది. దానికి మూలలుండవు. నీకు భయం...”

“నలుచదరందే ఎక్కించు. మూలలు ఉండనీ.”

“సరే.”

“పాతది దింపుకో. కరిగించెయ్యి, ఎవరికీ అమ్మకు.”

“అమ్మను.”

“మార్వాతో చెప్పు, ఆ బంగాళాదుంపలు ఆదివారం మళ్ళీ వండితే... వద్దులే. వండొద్దను. మీ ఇంట తిన్నానని తెలిస్తే ఆయనకి అనుమానమొస్తుంది.”

“మధ్యాహ్నం ఎలాగూ ఫోన్ చేస్తాడు. ఇటొచ్చావని తెలిస్తే కంగారు పడతాడు. ఏం చెప్పమంటావు?”

“వచ్చిందని చెప్పు. పాత పలక నీ కాళ్ళ ముందు పడేసి, నానా తిట్లూ తిట్టి పోయిందని చెప్పు. ఇప్పటికీ తప్పంతా నీ ఉక్కుదే అంటోందని చెప్పండి, స్వెన్‌రుడ్ గారూ.”