ఆదెమ్మ బావిలో గవర్నరు దొర

దీపం పెట్టిన వేళ ఒట్టేసి చెబుతున్నా, ఇందులో ఆవగింజంత అబద్ధముంటే నాకు మిగిలిన రెండు పళ్లూ రేపే రాలిపోవాలి. ఊరికి దక్షిణాన చింతచెట్టు కింద దిగుడుబావి ఉందే, మిట్టమధ్యాహ్నం కాకి కూడా వాలదే, ఆ బావి సంగతే ఇది.

తెల్లదొరల రోజులు. అప్పట్లో ఒక గవర్నరు దొర ఉండేవాడు, మీసాలు ఎంత పొడుగంటే గుర్రానికి అటొకటి ఇటొకటి కళ్లేల్లా వేలాడేవట. వాడికి ఒకటే యావ. ఏ రాజు కొడుకుల్లేకుండా పోతాడా అని కాచుకుని కూర్చునేవాడు, పోయాడని కబురు రాగానే జెండా పట్టుకొచ్చి సంస్థానంలో పాతేవాడు. రాణిగారు దత్తు తెచ్చుకున్నామయ్యా అంటే, దత్తుకొడుకు కొడుకేంటి, చెల్లదు పొమ్మనేవాడు. అలా ఏడు సంస్థానాలు మింగి, మనది ఎనిమిదోది చేద్దామని వచ్చాడు. ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు బావి గట్టునే జెండాకర్ర గుచ్చబోయి, నాచు మీద కాలు జారి, జెండాతో సహా బుడుంగుమన్నాడు. టోపీ మాత్రం మూడు నెలలు తేలింది, అందులో కప్పలు కాపురం పెట్టాయి.

చచ్చాక అయినా మానాడా? దెయ్యమై లోపల కూర్చుని, ఎవరు బొక్కెన వేసినా మీకు పిల్లలున్నారా అని అడిగేవాడు. ఉన్నారంటే వదిలేసేవాడు. లేరంటే బొక్కెనా చేంతాడూ సర్కారువే అని లాగేసుకునేవాడు.

ఇక ఆదెమ్మ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా బావి పక్కన తమలపాకు తోట. తమలపాకు తీగ చంటిపిల్ల లాంటిది, ఒక్కపూట నీళ్లు తప్పితే మొహం వేలాడేస్తుంది. అప్పటికి పద్నాలుగు బొక్కెనలు పోయాయి, తోట సగం వాడింది, ఇంకో నాలుగు రోజులైతే తోటా లేదు, ఆదెమ్మకి కూడూ లేదు. పదిహేనో బొక్కెన పట్టుకుని ఏం చెయ్యాలో తోచక గట్టున కూలబడితే, లోపల్నుంచి దాహం దాహం అని మూలుగు.

పీకలదాకా నీళ్లలో ఉండి దాహమేంటయ్యా అని కసిరింది. చచ్చినవాడు తనంతట తాను తాగలేడమ్మా, అయినవాళ్లు చేత్తో ఇస్తేనే గొంతు దిగుతుంది, మావాళ్లేమో ఏడు సముద్రాల అవతలున్నారు అని దొర బావురుమన్నాడట. ఆ కన్నీళ్లకి బావి మూడు మెట్లు పైకొచ్చింది. ఆదెమ్మకి జాలి ముందు కలిగిందో, తెలివి ముందు వచ్చిందో ఆవిడకే తెలీదు. గబగబా ఇంటికెళ్లి ఓ చెంబుతో నీళ్లూ, అయిదుగురు పెద్దమనుషుల్నీ, పంతులుగారినీ వెంటేసుకొచ్చింది. పంతులుగారు భయపడి చింతచెట్టెక్కి అక్కణ్ణుంచే మంత్రాలు చదివారు. ఆదెమ్మ మెట్లు దిగి చెంబు అందించింది, దొర గటగటా తాగి మీసాలు తుడుచుకున్నాడు.

"నీళ్లు పచ్చగా ఉన్నాయేం?" అన్నాడు.

"పసుపు నీళ్లు నాయనా. పెద్దల ముందు ఇవి తాగినవాడు పుట్టింటి హక్కు వదులుకుని పెంచినింటికి కొడుకవుతాడు. ఇక సముద్రాల అవతలి నీ రాణి నీకేమీ కాదు, నేనే అమ్మని."

"మా చట్టంలో దత్తు చెల్లదు."

"చెల్లకపోతే దాహం ఎలా తీరిందిరా?"

 తీరిన దాహం తీరలేదని దొర ఎలాగంటాడు? కొడుకున్న అమ్మ దగ్గర ఏం లాక్కుంటాడు? పద్నాలుగు బొక్కెనలూ పైకి పంపేశాడు. మింగిన సంస్థానాలు కూడా ఇచ్చెయ్యరా అంటే, అవి పైవాళ్లకి పంపేశానమ్మా అని తల గోక్కున్నాడట. ఆ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం తోటకి నీళ్లు పెట్టడం వాడి పని. పాదు తప్పించి పోస్తే ఆదెమ్మ మీసం పట్టుకుని గుంజేది. ఆకులు అరిటాకులంత పెరిగాయి, ఒక్క ఆకులో ఇద్దరు పెళ్లిభోజనం చేసేవాళ్లు, మా మేనత్త కళ్లారా చూసింది.

ఆదెమ్మ పోయి ఎన్నాళ్లో అయింది. వాడు మాత్రం అక్కడే ఉన్నాడు, మరో అమ్మ కోసం చూస్తున్నాడు. అంచేత మధ్యాహ్నం అటు పోకండి, పోయినా అడిగినవాడికి నీళ్లివ్వకండి, వెంటబడి ఇంటికొస్తాడు, పూటకి రెండు మానికల బియ్యం తింటాడు, ఆపైన మీ ఇష్టం.

నవ్వింది చాల్లే కనకం, మన దూడ తాడు తెంపుకున్నట్టుంది, పోయి కట్టేసిరా. అటు బావి మీదుగా కాదే, పెరటి దారిన పో.