మా గేటు ముందటి టైల్స్

గట్లంటె ఎట్ల సారూ? టైల్స్ ఏసింది మీ మున్సిపాలిటోళ్లు, జారి పడేది మేము, మల్ల మమ్ముల్నే అడుగుడేంది? ఇరవై ఏండ్లకు సరిపోయేటట్టు గల్లీలన్నిటికి ప్లాన్ రాస్తున్నమంటివి. ఇంటింటికి తిరిగి అడుగుతున్ననంటివి. మా గేటు కాడికొచ్చేసరికి రెండు ప్రశ్నలడిగి లేస్తున్నవ్!

కూసో, కూసో. కుర్చీ ఎండలకు జరుపుకో. ఇంట్లకు రమ్మందునే గాని లోపట ఇంకా చలి పోలే. చాయ్ పెడ్తనా? వద్దా? సరే, నీ ఇష్టం.

రాసుకో మరి. పేరు అండాలమ్మ. మాది చిట్యాల దిక్కు. ఈ చెరువుకట్ట గల్లిల అందరికంటె పాత ఇల్లు మాదే. మా ఆయన అంతయ్యకు దిల్‌సుఖ్‌నగర్ల మెకానిక్ పని దొరికి నన్ను తోలుకొచ్చిననాడు ఇక్కడ రోడ్డే లేదు. అంత మట్టి. ఆన పడితె బురద, ఎండ కొడితె దుమ్ము. అయినా జారి బొక్కలిరగ్గొట్టుకున్నోళ్లు ఒక్కరన్న లేరు, తెల్సా?

మూడేండ్ల కింద ట్రాక్ అన్నరు. చెరువు చుట్టు నడిచెటోళ్ల కోసమని మా గల్లిని గూడ అండ్లనే కలిపిన్రు. టైల్స్ తెచ్చి మా గేట్లదాంక పరిచిన్రు. చూడనీకె మంచిగనే ఉంటయ్, అద్దం లెక్క మెరుస్తయ్. బాత్రూంల ఏసేటియి రోడ్డు మీద ఏస్తరా ఎవలన్న? ఆ నాడే అడిగిన. కాంట్రాక్టరు నవ్విండు.

గా స్లోపు జూడు. మోరి అటు దిక్కుంటె నీళ్లు ఇటు మా దిక్కొస్తయ్. రాసుకున్నవా? నాకు చూపెట్టు. నాకు చదువొస్తది సారూ, ఏడు దాంక చదివిన.

చలికాలానికి ఏరే పేజీ ఉన్నదంటివి కదా, గది గూడ రాసుకో. ఎండకాలం పొద్దుగాల పదిమంది నడుస్తరు. చలి మొదలైందంటె చాలు, ఊరంత ఈన్నే. షుగరున్నోళ్లు, బీపీ ఉన్నోళ్లు, మంకీ టోపీలు, మఫ్లర్లు. ఐదు గొట్టంగనే తయార్. చెరువు మీదికెల్లి మంచు దిగుతది, టైల్స్ ఎనిమిదైనా తడి ఆరయి. లైట్లు మూడుంటె వెలిగేది ఒక్కటి. గరుకు టైల్స్ ఎయ్యాలె. పట్టుకోనీకె రాడ్లు పెట్టాలె. డిసెంబర్, జనవరి రెండు నెలలన్న ఊడ్చెటోళ్లను పెంచాలె. ఇంత పొడుగు ట్రాక్‌కు ఒక్కామెనా?

ఆఁ... రెబెక్కనే. ఆమె గురించి అడుగుతవని తెల్సు.

అగో, ట్రాన్స్‌ఫార్మర్ కాడ నిలబడ్డది కదా, గామెనే. పొద్దటి సంది గట్లనే నిలబడ్డది. పన్నెండు దినాలాయె, డ్యూటీకి రావొద్దన్నరు. నువ్వు ఇయ్యాల రాసేదాన్ని బట్టి ఉంచుడా తీసేసుడా తేలుతదని సూపర్‌వైజర్ చెప్పిండంట. పెనిమిటి, తీతు అంటరు, ఆటో నడిపేటోడు, నడుం పడిపోయి ఇంట్లనే ఉన్నడు. బాలాపూర్ దిక్కు కిరాయి అర్ర. ఆమె జీతం మీదనే నాలుగు ప్రాణాలు. ఇటు దిక్కు చూస్తలేదు జూడు. నన్ను అసలే చూస్తలేదు.

ఆ దినం సంగతా? గల్లిల అందరికి ఎరుకున్నదే కదా సారూ, మల్ల నా నోటితోని ఎందుకు?

సరే, చెప్తున్న కదా! క్రిస్మస్ నాడు. ఎదురింటి రామస్వామి సారు, గుంటూరు దిక్కాయన, లెక్కల మాస్టరు చేసి రిటైరైండు. పొద్దుగాల నడకకు ఎల్లిండు. సక్కగ మా గేటు ముందటికొచ్చి జారిండు. తుంటి బొక్క విరిగింది. ఆయన ఒర్లితె మొదలు నేనే ఉరికిన. నేనే అందర్ని పిలిచిన. నలుగురు ఆటోల ఏసుకొని ఎల్‌బీ నగర్ల దవాఖానకు తోలుకపోయిన్రు. ఆపరేషన్ అయ్యింది, ఇంకా ఆన్నే ఉన్నడు. రెండు పూటలా క్యారియర్ నేనే పట్టుకపోతున్న.

కృష్ణకుమారమ్మ, ఆయన భార్య, నిన్న నా చెయ్యి పట్టుకున్నది. "సొంత అక్కయ్య కూడా ఇంత చెయ్యదండీ, అండాలమ్మగారూ. మీరు పక్కనుండటం మా అదృష్టం" అన్నది. నేను ఆన్నుంచి లేసొచ్చిన. బస్సు ఎక్కుడు గూడ మర్చి, దవాఖాన కాడికెల్లి నడుసుకుంటనే ఒచ్చిన.

ఏంది? ఒక్కటే కారణం రాయాల్నా? ఎందుకు పడ్డడో ఒక్కటే? టైల్స్ అని రాయి.

కుదరదా? గల్లి పొడుగూతా గవే టైల్స్, మరి మీ గేటు ముందటనే ఎందుకు జారిండంటవా? నాకేం ఎరుక? కాలం బాలేదు, పడ్డడు. స్లోపని రాయి. ఆ మూలమీది ఇంటికాడ ఇంకా ఎక్కువ స్లోపుందా? ఓహో, గది గూడ కొలిసి పెట్టుకున్నవా? మా గొప్ప ఇంజినీరువే!

ఏంది సారూ, కిందికి వంగినవ్? ప్యాంటు ఖరాబైతది, లే. పెన్నుతోని ఏం గీకుతున్నవ్? టైల్స్ సందులు గవి, ఏముంటది? పాచి. చెరువు పక్కపొంటి ఉంటె పాచి పట్టదా?

ఏమంటివి? మల్ల చెప్పు. పాచి గీకకుండ ఇడిసినందుకు ఊడ్చెటామె తప్పని రాయాల్సి ఒస్తదా? టైల్స్ అంటె కుదరదు, స్లోపు అంటె కుదరదు, పాచి అంటె రెబెక్క మీదికే! నేనెటు తిప్పినా ఆమె మీదికే ఒస్తదేంది?

రాయకు. జర ఆగు. గా ట్యాబ్ మీద ఏలు పెట్టకు సారూ, నీకు దండం పెడ్త.

గది పాచి కాదు. పెండ. బర్రె పెండ.

గట్ల చూడకు. ధనుర్మాసం కదా. నాకు బుద్ధి తెల్సినకాన్నుంచి ఈ నెల రోజులు పొద్దు పొడవకముందే వాకిట్ల పెండనీళ్లతోని సాన్పి చల్లి ముగ్గేస్త. ఈ పట్నంల పెండ యాడ దొరుకుతది? బర్రెల కొట్టం కాడికి పోయి, వాళ్లను బతిమిలాడి, డబ్బాల తెచ్చుకుంట. మట్టి మీద చల్లితె గుంజుకుంటది, గట్టిపడ్తది, దుమ్ము లేవది. మరి ఈ టైల్స్ మీద యాడికి పోతది? పైనే ఉంటది, సబ్బు లెక్క.

నాకు తెల్వదా? తెల్సు సారూ. తెల్సే చల్లిన. గేటు అవతల ఇది ట్రాక్ అని మీరంటరు. మీ మ్యాపుల గట్లనే ఉన్నది. నాకు ఇది వాకిలి. ఇరవై ఎనిమిదేండ్లు ముగ్గేసిన జాగ, ఒక్కనాడు ఒచ్చి టైల్స్ ఏసిపోతె వాకిలి కాకుంట పోతదా?

రెబెక్క దినాం నా ఎనకనే ఒచ్చి ఇసుక చల్లేది. ఎవలు చెప్పలే ఆమెకు. ఆమె దేవుడు ఏరు, నా దేవుడు ఏరు, అయినా నా ముగ్గు చెడకుండ చుట్టుతా చల్లేది. మూడేండ్ల సంది. గందుకే సారూ, ఇన్నొద్దులు ఈ గేటు ముందట ఎవలు పడలే. ఒక్కనాడన్న ఆమెకు చాయ్ పొయ్యలే నేను.

క్రిస్మస్ నాడు చర్చికి పోవాలని నాలుగింటికే ఒచ్చింది. ఫోన్ల మొఖం చూపెట్టి హాజరేసుకున్నది, గబగబ ఊడ్చింది, పోయింది. ఐదు దాటినంక రామస్వామి సారు పడ్డడు.

అందరు ఆయనను పట్టుకొని దవాఖానకు పోయిన్రు. ఎనక ఒస్త, మీరు నడువుండ్రి అన్న. ఎందుకాగిన్నో తెల్సా? గేటు ముందట కడగనీకె. మూడు బకెట్లు గుమ్మరించి, పెండ పోయేదాంక చీపురేసి రుద్దిన. ముగ్గు గూడ కడిగేసిన. సందుల్లది పోలే, నువ్వు పట్టినవ్.

ఎనిమిదింటికి సూపర్‌వైజర్ ఒచ్చిండు. ఈ నీళ్లెవలు పోసిన్రని అడిగిండు. నా చేతుల పెండ వాసన ఇంకా పోలే. ఊడ్చెటామె కడిగి పోయిందన్న. గంతే, ఒక్క మాట. అది నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో...

లే, గిది గూడ అబద్ధమే. ఎట్లొచ్చిందో తెల్సు. ఆమె పేరు చెప్తె అందరు నమ్ముతరని తెల్సు. నమ్మిన్రు. నేను నీళ్లు ముట్టలేదమ్మా అని రెబెక్క ఏడ్సుకుంట చెప్తె రెండోసారి అడిగినోళ్లు లేరు. నేను గా కిటికీ ఎనక నిలబడి విన్న.

కృష్ణకుమారమ్మకు నువ్వు చెప్పకు సారూ. నేనే చెప్త. ఇయ్యాల క్యారియర్ ఇచ్చేటప్పుడే చెప్త. మొఖం మీద ఉమ్మేస్తె తుడుసుకొని ఒస్త.

రాయి ఇగ. పెండనీళ్లు, అండాలమ్మ అని రాయి. సంతకం పెడ్త. కేసయితదా? కానీ. మా ఆయన తిడ్తడు, తిట్టనీ.

ఇంకొకటి గూడ రాయి. ఆ దినం పోయేటప్పుడు రెబెక్క గేటు కొట్టి మరీ చెప్పింది. "అమ్మా, ఇయ్యాల ఇసుక చల్లనీకె నేనుండ. ఈ ఒక్కదినం టైల్స్ మీద చల్లకు, ఎవలన్న పడ్తరు" అన్నది. మంచిగనే విన్న. సరేనని తలకాయ గూడ ఊపిన. ఆమె మూల తిరిగిందో లేదో, ఊడ్చెటామె నాకు చెప్పుడేందని, రోజుకంటె ఒక బకెట్ ఎక్కువనే చల్లిన.