దొరసాని అస్తున్నది

కోరుట్లలో ఓ ఇంట్లో కోడలు తన కాలేజీ దోస్తులతో ఫోన్లో రాజ్యాల ఆట ఆడుతోంది. "దొరసాని అస్తున్నది, లేవుండ్రి!" అని ఫోన్లోంచి ఎవరో అరిచేసరికి, బీడీలు చుడుతున్న అత్త దిగ్గున లేచి నిలబడింది. ఒళ్లోని చాట బోర్లాపడింది.

"అయ్యో, గది ఆట అత్తమ్మా! దొరసానిని నేనే."

"పొద్దుగాల పాలు పొంగిచ్చిన దొరసానివా?"

కోడలికి నవ్వు రాలేదు. వంగి బీడీలు ఏరసాగింది.

"గా పేరు నేనే పెట్టుకున్న. మీరు చిన్నప్పుడు దొర గడిల వెట్టి చేసిండ్రని యాదికే రాలె."

"ఆటని నాకెరుకే బిడ్డా. మోకాళ్లకే ఎరుక లేదు."

"పేరు మారుస్త."

"ఉండనియ్యి. నన్ను గూడ కలుపు."

"ఏం పేరు పెట్టాలె?"

"ఎవ్వలచ్చినా లెవ్వకుంట కూసుండేటామె పేరు."

"గట్లాంటిది లేదత్తమ్మా. రాణి గూడ చక్రవర్తి అస్తె లెవ్వాలె."

"మరి గదేం ఆటనే!"